ఉరుము వినడానికి మంచె ఎక్కింది

మొదటి ఉరుము వినపడగానే అత్తమ్మ తన అలవాటు ప్రకారం తలుపు రెండు రెక్కలూ తీసి, అరుగు మీద చాప పరుచుకుని కూర్చుని, పాటలో మొదటి సగం అందుకుంది. రెండో సగం పిల్లలిద్దరూ అందుకోవాలి. వంటింట్లో జొన్నపిండి పిసుకుతున్న నాకు మూడేళ్ల చిన్నోడి గొంతు ఒక్కటే వినిపించింది. వాడి ముద్దమాటలను ఎప్పుడూ కప్పేసే ఆరేళ్ల అక్క గొంతు అందులో లేదు. పిండిలో నా వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చాను. "పెద్దది ఏది అత్తమ్మా?"

"నీ దగ్గర లేదా? నీ తాననే ఉన్నదనుకున్న."

"నీ దగ్గరున్నదని నేననుకున్న."

అలా అనుకుని ఎంతసేపయిందో ఇద్దరికీ తెలియదు. పడమటి గుట్టల మీద మబ్బు నల్లగా పేరుకుని ఉంది. సాయంత్రం నాలుగైనా కాలేదు, అప్పుడే దీపం పెట్టాలన్నంత చీకటి కమ్మింది. చిత్త కార్తె వానలు. అవి ఎటు నుంచి వస్తాయో, ఎక్కడ పడతాయో మా ఊళ్లో ఎవరూ చెప్పలేరు.

ఊరంటే ఇచ్చోడకు నాలుగు మైళ్ల లోపల, రోడ్డు దిగి నడవాల్సిన ఊరు. మా ఆయన ఇక్కడి బడికి హెడ్మాస్టరు. అప్పుడు ఉపాధ్యాయుల మీటింగు కోసం మూడు రోజులు ఆదిలాబాద్ వెళ్లి ఉన్నారు. మా ఇల్లు ఊరికి చిట్టచివరన ఉంటుంది. పెరట్లో నాలుగు వంకాయ మొక్కలు, ఆ తర్వాత ముళ్లకంచె. కంచె దాటితే మనిషికి మించి ఎదిగిన జొన్నచేను. ఆ చేనులో కంకులు పాలు పట్టే రోజులవి. పిట్టలను తోలడానికి నడిమధ్యన నాలుగు టేకు గుంజల మీద ఒక మంచె కట్టి ఉంది.

ఇంట్లో వెతికాను. మంచం కింద, బియ్యపు గంపల వెనక, తడక కట్టిన స్నానాల గదిలో చూశాను. పోయినేడు ఉరుము వస్తే ఈ పిల్ల దాక్కునే చోట్లన్నీ నాకు తెలుసు. వెతుకుతూనే, ఇవి పోయినేటి చోట్లు కదా అన్న సంగతి గుర్తుకొచ్చింది. ఈ ఏడు దానికి ఉరుమంటే భయం లేదు. ఆ భయం పోగొట్టింది నేనే.

ఆ సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మేము క్రైస్తవులం. నేను పుట్టి పెరిగింది కరీంనగర్‌లో. నిజాం పాలన పోయిన కొత్తలో హైదరాబాద్‌లో బి.ఎ. చదివాను. అక్కడ తెల్లజుట్టు పంతులమ్మ ఒకావిడ ఒక టర్మంతా బైబిల్లోని హెబ్రీ భక్తి కవిత్వం గురించి చెప్పింది. యతిప్రాసలు లేని పద్యాన్ని నేను అప్పటిదాకా పద్యమని అనుకోలేదు. ఆ కవులకు అక్షరాల ప్రాస అక్కరలేదని, వాళ్లు భావానికే ప్రాస కడతారని ఆమె చెప్పింది. ఒక మాట అంటారు. వెంటనే అదే మాటను మరో తీరుగా, ఒక మెట్టు పైనుంచి అంటారు. ముందు నాగలి చాలు తీస్తే వెనకాల ఆ చాలులోనే విత్తనం పడినట్టు, మొదటి సగం దారి తెరిస్తే రెండో సగం దానిలో పడుతుంది.

ఆ కవిత్వంలోని రాజులు, యుద్ధాలు నాకు పెద్దగా గుర్తులేవు. వాన, గాలి, మంచు మాత్రం మనసులో ఉండిపోయాయి. అందులో దేవుడు మబ్బును బండిగా చేసుకుని తిరుగుతాడు. గాలిని కబురు మోసే మనిషిలా పంపుతాడు. మంచును గొర్రెబొచ్చులా నేల మీద పరుస్తాడు. నేను మంచు పడటం ఎన్నడూ చూడలేదు. పెళ్లయిన కొత్తలో భైంసాలో పత్తి మిల్లు పక్కగా పోతుంటే దూది లేచి రోడ్డంతా తెల్లగా పరుచుకుని ఉంది. ఓహో ఇదా అనుకున్నాను. సముద్రానికి కూడా ఆయన ఇంతవరకే రావాలని గీత గీసి చెప్తాడు. వాటన్నిటికన్నా నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. మనిషి అడుగు పెట్టని ఎడారిలో కూడా ఆయన వాన కురిపిస్తాడు. అక్కడ పంట లేదు, పొగిడే నోరు లేదు. ఏదో గడ్డిపరక దప్పిక తీరాలని కురిపిస్తాడు. దేవుని గొప్పతనం చెప్పడానికి అంతకన్నా పెద్ద మాట నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆ పాటల్లో ఒకటి మొదటి నుంచి చివరిదాకా ఒకే గాలివాన గురించి ఉంటుంది. ఉరుమే దేవుని గొంతు. ఆ గొంతు ముందు సముద్రం మీద వినపడుతుంది. తర్వాత కొండల మీదికెక్కి మహావృక్షాలను విరుస్తుంది. కొండలు లేగదూడల్లా ఎగురుతాయి. ఆ తర్వాత అది బయలు మీదికి దిగుతుంది, లేళ్లు బెదిరి ఈనుతాయి. చదివినప్పుడు కవి ఊహ అనుకున్నాను. ఈ ఊరికి వచ్చాక మొదటి వానాకాలంలో అరుగు మీద కూర్చుని చూస్తే మా వాన కూడా అదే తోవన వచ్చింది. ముందు పెన్‌గంగ వైపు ఎక్కడో గొణిగింది. తర్వాత గుట్టల మీది టేకు అడవిలో దబదబలాడింది. చివరికి మా నల్లరేగడి చేల మీదికి దిగింది. ఎన్ని వేల ఏండ్ల కిందటి కవో, వాన నడిచే తోవను కళ్లారా చూసి రాశాడు. మా ఊరి రైతుకు తెలిసినంత బాగా ఆయనకూ తెలుసు. ఆ రోజు నుంచి ఆ కవి నాకు చుట్టంలా అనిపిస్తాడు.

అత్తమ్మకు చదువు రాదు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఎవరో చదువుతుంటే విన్న కీర్తనల్లో మాటలు మరిచిపోయింది, వరస మాత్రం మరిచిపోలేదు. ఆ వరస మీద తన సొంత మాటలతో వానపాట కట్టుకుంది. వానాకాలంలో ఉరుము వినపడితే చాలు, అరుగు మీద కూర్చుని మొదటి సగం అంటుంది.

"మబ్బుల మందను తోలేటోడా."

మేమంతా రెండో సగం అనాలి.

"మా గుట్టల మీదికి తోలేటోడా."

"ఉరుమై పలికేటోడా" అంటే "ఊరంత ఇనేటట్టు పలికేటోడా" అనాలి. "వాగుకు ఒడ్డు పెట్టినోడా" అంటే "ఒడ్డు దాటొద్దని చెప్పినోడా" అనాలి. ఎవరి చేతిలో ఏ పని ఉన్నా సగాన్ని ఒంటరిగా వదిలేయకూడదు. అది మా ఇంటి కట్టు. మా ఆయన ఒకసారి గడ్డం గీసుకుంటూ మధ్యలో ఆపి జవాబు చెప్పబోయి చెంప కోసుకున్నారు. "దేవునికి బాకీ పడకుంటె సాలు, నెత్తురుదేముంది" అంది అత్తమ్మ.

పోయినేడు మా పిల్ల ఉరుముకు భయపడి బియ్యపు గంపల వెనక దూరి వణికేది. రెండుసార్లు జ్వరం కూడా వచ్చింది. అప్పుడు దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పాను. అది దేవుని గొంతు, తండ్రి మాట్లాడితే బిడ్డ భయపడదు, చెవి పెట్టి వింటే చల్లగా ఉంటుంది అని. అత్తమ్మ పాట నేర్పింది. ఒక్క వానాకాలంలో భయం పోయింది. కరీంనగర్‌లో మా అమ్మకు ఉత్తరం రాసి గొప్పగా చెప్పుకున్నాను.

ఇంట్లో ఎక్కడా లేదని తేలాక మళ్లీ అరుగు మీదికి వచ్చాను. చిన్నోడు బెల్లం ముక్క చప్పరిస్తున్నాడు. వాడి ముందు కూర్చున్నాను.

"అక్క ఏడికి పోయింది బిడ్డా?"

"దేవుని మాట ఇన పోయింది."

"ఏడికి?"

"పైకి."

"పైకంటె?"

వాడు బెల్లం అంటిన వేలితో పెరటి వైపు చూపించాడు. "మంచె మీదికి. ఈడ బాపమ్మ లొల్లికి దేవుడు ఏమంటుండో ఇనబడ్తలేదంట."

ఆ మాట అత్తమ్మ కూడా విన్నది. ఆమె ముఖం వంక చూసే తీరిక నాకు లేదు. వాణ్ని ఆమె ఒళ్లోకి తోసి పెరట్లోకి పరిగెత్తాను.

కంచె దగ్గర చేను గల ఆమె ఎదురొచ్చింది. గొంగడిని నెత్తి మీదుగా కొప్పెర వేసుకుని, పిట్టలను కొట్టే వడిసెల నడుముకు చుట్టుకుని ఇంటిముఖం పట్టింది. నాకన్నా పదేండ్లు పెద్దది. మాట కరుకు, చేయి మంచిది. హెడ్మాస్టరు భార్యనని నన్ను పంతులమ్మా అంటుంది.

"ఏడికి పంతులమ్మా, గీ మబ్బుల? సదువుకున్నోళ్లకు మెరుపు పట్టింపు లేదా ఏంది?"

"అక్కా, మా పెద్దది నీ మంచె మీదున్నదట."

"నేను గిప్పుడే దిగొస్తి. మీద పిట్ట గూడ లేదు."

"నువ్వు దిగినంక ఎక్కిందేమో."

ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. "పొద్దుగాల కంచె కాడికొచ్చి అడిగింది. మంచె మీదికెల్లి ఉరుము మంచిగ ఇనబడ్తదా పెద్దమ్మా అని. ఇనబడుడేంది, చెవులనే పడ్తదన్న. నా నోట్ల మన్ను వడ."

వెంటనే వెనక్కి తిరిగి చేనులోకి దారి తీసింది. నడుస్తూనే తిట్టింది, ఎవరినని లేదు. "మెరుపు షురువయితె ముందుగాల మంచె దిగాలె. చేనుల దానికన్న ఎత్తున్నది ఏమున్నది? మా అత్త ఉన్నప్పటిసంది గదే చెప్తరు. పోరికి ఎవలన్న చెప్పిండ్రా?"

ఎవరూ చెప్పలేదు. దేవుని గొంతని చెప్పాను. తండ్రి మాట అని చెప్పాను. ఎత్తున నిలబడకూడదని, మెరుపు మనిషిని కాలుస్తుందని చెప్పలేదు. ఇంత మంచి మాట చెప్పి, అంత చెడ్డ మాట ఎందుకు కలపాలి అనుకున్నాను.

వాన ఒక్కసారిగా దిగింది. చినుకు చినుకుగా రాలేదు, గంప బోర్లించినట్టు పడింది. రేగడి మట్టి కాళ్లకు పట్టి ఒక్కో అడుగూ ఇటుక కట్టుకున్నట్టయింది. జొన్న ఆకులు చెంపలను కోస్తున్నాయి. మెరుపు మెరిసినప్పుడల్లా చేనంతా తెల్లబడుతుంది, మళ్లీ ఏమీ కనపడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య నేను లెక్క పెడుతున్నాను. ముందు పది దాకా వచ్చింది. తర్వాత ఆరు. మంచె గుంజ చేతికి తగిలేసరికి మూడు.

తలెత్తి చూశాను. మంచె మీద ఎవరూ లేరు.

ఆమె నిచ్చెన రెండు మెట్లెక్కి గడ్డి కప్పు కింద చేయి పెట్టి తడిమి దిగింది. ఆమె చేతిలో మా పిల్ల రిబ్బను ఉంది.

"దిగింది పోరి. దిగి ఎటో పోయింది. ఈ జొన్నల్ల ఎటని చూస్తం?"

పేరు పెట్టి పిలిచాను. గొంతు చిరిగేదాకా పిలిచాను. నా మాట నా పక్కనున్న మనిషికే అందలేదు. అంత పెద్ద గొంతు ఒకటి మాట్లాడుతున్నప్పుడు నా గొంతు ఏపాటిది? ఆ సంగతి పద్యాల్లో ఎన్నిసార్లు చదివానో, ఎంత మెచ్చుకున్నానో. ఆ బురదలో నిలబడి అప్పుడు తెలుసుకున్నాను. పిల్ల దూరంగా లేదని మాత్రం అనిపించింది. భయపడ్డ పిల్ల ఎక్కువ దూరం పోదు, ఎక్కడో ముడుచుకుని కూర్చుంటుంది. నా పిలుపు వినపడినా పలకదు, కొడతానని.

అప్పుడు తోచింది. పేరుకు పలకకపోవచ్చు. సగానికి పలుకుతుంది. సగాన్ని ఒంటరిగా వదలడం దానికి చేతకాదు. చేను గల ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అరిచాను.

"అక్కా, నీ గొంతు పెద్దది. నేను చెప్పినట్టు అను."

"ఏమని?"

"వాగుకు ఒడ్డు పెట్టినోడా, అను."

ఆమె నా వైపు వింతగా చూసింది. తర్వాత నవ్వినట్టే అయింది. "మీ ముసలమ్మ పాటనే గద. రెండేండ్లసంది చెవుల పోస్తున్నది, నాకు చెప్పాల్నా."

రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రోజంతా చేను ఈ కొన నుంచి ఆ కొనకు పిట్టలను అదిలించే గొంతు అది. రాగం లేదు, భక్తి లేదు. పందులను తరిమినట్టు అరిచింది.

"వాగుకు ఒడ్డు పెట్టినోడా."

వాన. ఆకుల చప్పుడు. ఒక మెరుపు. ఏమీ రాలేదు. మళ్లీ అరిచింది, ఈసారి మరింత సాగదీసి.

"వాగుకు ఒడ్డు పెట్టినోడా ఓ..."

ఎడమ చేతి వైపు నుంచి, దాదాపు మా కాళ్ల దగ్గర నుంచే, సన్నగా, ముక్కులోంచి వచ్చింది.

"ఒడ్డు దాటొద్దని చెప్పినోడా."

నాలుగు సాళ్ల అవతల, నీళ్లు నిండిన బోదెలో, రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. జవాబు చెప్పడానికని చేతులు తీసి, చెప్పగానే మళ్లీ మూసుకుంది. నేను ఎత్తుకోబోయాను గానీ తడిసిన పిల్ల జారిపోయి పట్టు దొరకలేదు. చేను గల ఆమె దాన్ని గుంజి గొంగడి కింద చంకనేసుకుంది. నన్ను వంగి నడవమంది. ముగ్గురం వంగి వంగి కంచె దాకా వచ్చాం.

పెరటి గడప దాటామో లేదో, మెరుపూ ఉరుమూ ఒక్కసారే వచ్చాయి. లెక్క పెట్టడానికి మధ్యలో ఏమీ లేదు. గోడ మీది గిన్నెలు రాలాయి. చెవిలో గుయ్యిమనే మోత తప్ప కాసేపు ఇంకేదీ వినపడలేదు. తలుపులన్నీ వేసి, అత్తమ్మ చిన్నోణ్ని గుండెకు అదుముకుని పొయ్యి పక్కన కూర్చుని ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఆమె ఒక పాటను గొంతు లేకుండా పాడటం నేను చూడటం అదే మొదటిసారి.

తల తుడిచి, పొడిబట్టలు కట్టి, పిల్లను పొయ్యి దగ్గర కూర్చోబెట్టాను. అది నన్ను చూసి, దావా వేసినట్టు అడిగింది.

"గంత పెద్దగ మాట్లాడ్తడని నువ్వు చెప్పలే."

"నీకెట్ల ఇనబడ్డది?"

"మాట లెక్క లేదు. కొట్టినట్టే అయింది. నువ్వు సల్లగ ఉంటదన్నవ్."

చేను గల ఆమె గొంగడి పిండుకుంటూ అంది. "దేవుడు నీతోని గుసగుస పెడ్తడనుకున్నవా పోరీ? ఆయనకు ఇంకెన్ని పనులున్నయో." పిల్ల నవ్వలేదు గానీ ఆమె ఇచ్చిన పచ్చి జొన్నకంకి పట్టుకుంది. ఆమె వాన తగ్గేదాకా ఉండి, వెళ్తూ నన్ను పక్కకు పిలిచింది. "పరేషాన్ గాకు పంతులమ్మా. కొట్టకు. భయం దానికి దొరికింది, చాలు."

అదే నా భయం. పిల్లకు ఇప్పుడు దొరికిన భయం ఎంత ఉండాలో నాకు తెలియదు. ఎక్కువైతే మళ్లీ గంపల వెనకకు పోతుంది, జ్వరాలు వస్తాయి. తక్కువైతే వచ్చే కార్తెలో మళ్లీ మంచె ఎక్కుతుంది. తెల్లారితే ఏదో ఒకటి చెప్పాలి. నేను తప్పు చెప్తే ఆ తప్పు మీదనే అది నడుస్తుందని ఆ సాయంత్రం కళ్లారా చూశాను.

పిల్లలు తిన్నాక అత్తమ్మతో గట్టిగానే అన్నాను. "ఇగ ఆ పాట మనింట్ల వద్దు అత్తమ్మా."

ఆమె పొయ్యిలో బూడిద కెలికింది. "పాట ఏం చేసింది బిడ్డా? పాట లేకుంటె దాన్ని ఏమని పిలుస్తుంటివి?"

నేను రాలిన గిన్నెలు ఏరి గోడ మీద పెట్టసాగాను.

"అరుగు మీద కూసుండవెట్టుడు నా తప్పే," అంది. "మా ఊళ్లె ఎన్నడు బయట పాడలే. ఈ ఇంటికొచ్చినంక గుట్టలు మంచిగ కనబడ్తయని అరుగు మీద మొదలుపెట్టిన. ముసల్దాన్ని, నాకు సరదా అయింది. నాది నేను ఒప్పుకుంట. నీది నువ్వు సూసుకో."

నాది నేను చూసుకోవడానికే పిల్లలు నిద్రపోయాక కీర్తనల పుస్తకం తీశాను. ఆ గాలివాన పాటను ఎన్నో ఏళ్ల తర్వాత చివరిదాకా చదివాను. ఇన్నాళ్లూ నేను దాన్ని మెచ్చుకున్నాను గానీ, అందులో భయాన్ని పక్కకు తీసి మెచ్చుకున్నానని తెలిసింది. ఆ కవి ఏమీ దాచలేదు. చెట్లు విరిగాయన్నాడు. కొండలు గంతులేశాయన్నాడు. అడవి ఆకులు రాలి బోసిపోయిందన్నాడు. బెదిరిన లేళ్ల సంగతి కూడా చెప్పాడు. చల్లగా ఉంటుందని ఎక్కడా అనలేదు. ఆ మాట నేను కలిపాను, మందులో తేనె కలిపినట్టు. నా బిడ్డ తేనె రుచి చూసి మందు సీసా ఎత్తి తాగింది.

ఇంకొకటి కూడా చూశాను. కాలేజీలో ఎందుకు నా కంటపడలేదో తెలియదు. అంత గాలివాన పోయి, అన్ని చెట్లు కూలి, ఎడారి అదిరిపోయిన పాటలో మనుషులు ఒక్కచోటే ఉన్నారు. ఆయన గుడి లోపల. సముద్రం మీద ఎవరూ లేరు, కొండ మీద ఎవరూ లేరు, బయలులో లేళ్లే ఉన్నాయి. లోపల ఉన్నవాళ్లంతా ఒక్క గొంతుతో ఆయన గొప్పతనం చెప్తున్నారు. ఆ కవి వానను అంత బాగా చూడగలిగింది లోపల నుంచి చూశాడు కాబట్టే. చేనులో నిలబడి ఉంటే నాలాగే అంకెలు లెక్క పెట్టేవాడు. ఇది కనిపించాక ఆ కవి మీద నా మెప్పు ఇంకా పెరిగింది. భయపడిన మనిషే రాశాడని, భయం వల్ల పొగడ్త తగ్గలేదని అర్థమైంది. భయం తెలియకుండా పొగిడినది నేను.

అప్పుడే ఈ కాగితాలు తీసుకుని రాయడం మొదలుపెట్టాను. ఉదయం జరిగింది తర్వాత కలిపాను.

తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. గుట్టలు చేయి చాస్తే అందేంత దగ్గరగా కనిపించాయి. మంచె ఉన్నచోటే ఉంది, దాని కప్పు మీద గడ్డి కొద్దిగా చెదిరింది, అంతే. దానికి యాభై అడుగుల దూరంలో గట్టు మీది ఇప్పచెట్టుకు మాత్రం కొన నుంచి మొదలు దాకా బెరడు లేచిపోయి, తెల్లని చారిక పడింది. ఊళ్లోవాళ్లు కొందరు వచ్చి చూసి పోతున్నారు. పిల్లలిద్దర్నీ పెరటి గడప మీద కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె తినిపిస్తూ ఆ చెట్టును చూపించాను. అత్తమ్మ వెనకాల దోసెడు మెంతికూర ముందేసుకుని తుంచుతోంది గానీ, చెవి మా వైపే ఉంది.

"గది దేవుడు చేసిండా?" అని అడిగింది పెద్దది.

"ఆయననే."

"ఉరుము ఆయన గొంతేనా మరి? నువ్వు అబద్ధం చెప్పినవా?"

"గొంతు ఆయనదే. అది అబద్ధం గాదు. సల్లగ ఉంటదని చెప్పిన, అది నాకు తెల్వక చెప్పిన. అది శాన పెద్దది. చెట్టును గూడ చీరేస్తది. నాకు గూడ భయమే, బాపమ్మకు గూడ భయమే."

"బాపుకు?"

"బాపుకు గూడ."

చిన్నోడు రొట్టె నమలడం ఆపి అడిగాడు. "మరి భయమైతె పాట ఎందుకు పాడుతం?"

"భయమైనా గంత పెద్దోడు మనోడే గదా, అందుకు పాడుతం."

పెద్దది ఇంకా ఒప్పుకోలేదు. కాళ్లు ఊపుతూ కాసేపు ఆలోచించింది. "ఇంట్లనుంచి ఇంటె మంచిగ ఇనబడదు గద అమ్మా."

అప్పుడు దాన్ని ఒళ్లోకి తీసుకుని చెప్పాను. "ఇనబడ్తది. మొదలు పాట కట్టినోళ్లు గూడ ఇంట్లనుంచే ఇన్నరు, పుస్తకంల అట్లనే ఉన్నది, నువ్వు సదువు నేర్చినంక చూపిస్త. ఇగ నుంచి మనింట్ల గిట్ల చేద్దాం. ఉరుము ఇనబడంగనే ఏడున్నా ఇంట్లకు ఉరకాలె. మంచె దగ్గరికి, చెట్టు దగ్గరికి పోవద్దు. లోపటికొచ్చి తలుపు పెట్టినంక నేను అందర్ని పేరు పెట్టి పిలుస్త, అందరు పలకాలె. ఒక్కరు తక్కువున్నా బాపమ్మ పాట మొదలుపెట్టదు."